నక్కకు సరిపోయే తూటా

నా భర్త యెస్టిన్ పోయిన పదో రోజున పోలీసు వ్యాను మా పొలం దారి ఎక్కి వచ్చి అతని రైఫిలు తీసుకుపోయింది. వచ్చినతను మర్యాదస్తుడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో వంటింట్లోకి వచ్చాడు. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ మనిషి లేకపోతే తుపాకీ ఆ ఇంట్లో ఉండడానికి వీల్లేదని, పట్నంలో తుపాకుల కొట్లో భద్రంగా ఉంచుతారని చెప్పాడు. నేను సంతకం పెట్టాను. ఆ నెలలో చాలా కాగితాల మీద సంతకాలు పెట్టాను. ఇదీ వాటిలో ఒకటి అనుకున్నాను.

అది నవంబరు. కొండ పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల మోటారుబండి ఏటవాలులో తిరగబడి యెస్టిన్ పోయాడు. తప్పిపోయిన గొర్రె ఒకదాన్ని వెతకడానికి వెళ్లాడు. గొర్రె మర్నాడు దానంతటదే వచ్చింది.

జనవరిలో గానీ నాకు సంగతి పూర్తిగా అర్థం కాలేదు. మార్చి రెండో వారానికి మా గొర్రెలు ఈనడం మొదలుపెడతాయి. మూడు వందల తల్లులు. పుట్టిన పిల్ల కాళ్ల మీద నిలబడేలోగా నక్క వస్తుంది. ఇంట్లో మిగిలింది ఇద్దరం, యెస్టిన్ తండ్రి ఇద్వాల్, నేను. మావయ్యకు డెబ్బై తొమ్మిది. కంటిచూపు నడిమధ్యన మసకబారిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడదు గానీ ఆ మనిషి వెనక గోడ అంచులు కనబడతాయి. ఆయన తన లైసెన్సు నాలుగేళ్ల కిందటే తిరిగిచ్చేశాడు. నేను ఊరి బళ్లో మూడో తరగతికి మా కొండల భాష వెల్ష్‌లో పాఠాలు చెప్తాను. అప్పటిదాకా తుపాకీ పట్టుకుని ఎరగను.

"నీ పేరున అర్జీ పెట్టమ్మాయ్," అన్నాడు మావయ్య.

"నాకు కాల్చడం రాదు కదా."

"వాడికీ పుట్టుకతో రాలేదు. నేను నేర్పాను."

"ఇప్పుడు మీకు కనబడదు మావయ్యా."

"నేర్పడానికి నోరుంటే చాలు. నువ్వు బళ్లో చేసేది అదేగా."

"పోలీసులు ఇవ్వకపోతే?"

ఆయన బల్ల మీద అరచేతులు రుద్దాడు. "ఇవ్వకపోతే సెప్టెంబరు సంతలో మంద అమ్మేస్తా. తుపాకీ లేకుండా ఇంకో ఏడు నక్కల్ని మేపే ఓపిక నాకు లేదు. టౌన్లో మా చెల్లెలు గది ఇస్తానంది. నువ్వు నీ దారి చూసుకుందువుగాని. చిన్నదానివి." ఆ మాటలో కోపం లేదు.

నా దగ్గర అప్పటికే ఒక ఉత్తరం ఉంది. సముద్రం పక్క ఊళ్లో బడి ప్రధానోపాధ్యాయురాలి పదవి నాకు ఇస్తామని, ఈస్టరు లోపల జవాబు రాయమని. ఆయనకు చెప్పలేదు. ఆయన్ని వదిలి నేనై వెళ్లలేను. కానీ లైసెన్సు రాకపోతే, అది నేను వదిలినట్టు కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాను, కానీ దాన్ని పోనివ్వలేదు.

ఫారం పదిహేను పేజీలు. మధ్యలో రెండు గడులు. ఏ కాలిబర్ తుపాకీ కావాలి, అంటే ఏ కొలత తూటాది? ఏ పనికి?

"టూ-ఫోర్-త్రీ అని రాయి," అన్నాడు మావయ్య. "వాడిదే మళ్లీ ఇంటికొస్తుంది. నక్కలకి అని రాయి పక్కన."

రెండో గడిలో నక్కలు అని రాశాను. మొదటి గడిలో ట్వంటీటూ అని రాశాను. అన్నిటికంటే చిన్నది. చప్పుడు తక్కువ, భుజాన్ని తన్నడం తక్కువ, నాలాంటిది పట్టుకోగలిగేది. అందుకే రాశానని నాకు నేను చెప్పుకున్నాను.

"రాశావా?"

"రాశాను మావయ్యా."

ఆయన ఫారం చేతిలోకి తీసుకుని, అంచులు సరిచేసి, మళ్లీ నాకు ఇచ్చాడు.

*

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మోర్విద్ నన్ను తన పొలంలో పాత పలకరాతి గని దగ్గరికి తీసుకెళ్లింది. వాగుకు అవతలి పొలం ఆవిడది. అరవై దాటాయి, పెళ్లి చేసుకోలేదు, పన్నెండో ఏటి నుంచి కాలుస్తోంది. నాకు లైసెన్సు లేకపోయినా తన పొలంలో, తన కళ్లెదుట, తన తుపాకీ నాకు ఇవ్వొచ్చు. కారు వెనక మూడు సంచులు పెట్టుకొచ్చింది.

"ముందు ఏది పడతావు టీచరమ్మా?"

"అన్నిటికంటే చిన్నది."

"పిల్లలకి పెన్సిళ్లు పంచుతున్నట్టు చెప్తున్నావే," అని నవ్వి ట్వంటీటూ చేతికిచ్చింది.

నిజంగానే చప్పుడు లేదు. పుస్తకం బల్ల మీద పడేసినంత. యాభై గజాల దూరాన రేకుడబ్బా మూడోసారికి పడింది. నాకు సంతోషం వేసింది. ఆ ఏడాది అది మొదటిసారి.

"ఇప్పుడు ఆ తడి రాయిని కొట్టు. అదిగో, పల్లంగా ఉన్నదాన్ని."

కొట్టాను. తూటా రాతికి తగిలి, కీచుమని ఏడుస్తూ మా తలల మీదుగా ఎటో పోయింది.

"ఎటు పోయింది?" అంది మోర్విద్.

"తెలీదు."

"నాకూ తెలీదు. పక్క పొలంలో నా గొర్రెలకి అసలే తెలీదు."

"చిన్నది కదా, ప్రమాదం తక్కువ అనుకున్నాను."

"అందరూ అదే అనుకుంటారు. చిన్నది నెమ్మదిగా పోతుంది పిల్లా. పగలదు. రాయి తగిలితే గెంతుతుంది, తడినేల తగిలినా గెంతుతుంది. వేగంగా పోయేది తగిలినచోటే పొడైపోతుంది. ఇది కుందేళ్లకి. దీంతో నూట యాభై గజాల్లో నక్కని కొట్టావనుకో, పొదల్లోకి పోయి మూడ్రోజులు చస్తుంది. అంతకంటే కొట్టకపోవడం మర్యాద."

తర్వాత టూ-ఫోర్-త్రీ ఇచ్చింది. యెస్టిన్‌ది ఎలాంటిదో అలాంటిదేనని ఆవిడ అంది. అది పేలినప్పుడు గని అంతా మారుమోగింది. నా భుజం మీద ఎవరో గుద్దినట్టయింది.

"కళ్లు మూసుకుని కాలుస్తున్నావు."

"లేదే."

"మీ ఆయన కూడా మొదట్లో ఇలాగే 'లేదే' అనేవాడు. గని మొత్తానికి తగిలేది, డబ్బాకి తప్ప."

అతను పోయాక అతని మీద ఎవరూ హాస్యమాడలేదు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే రాతి మీద కూర్చున్నాను. మోర్విద్ అటు తిరిగి, నేను లేచేదాకా ఖాళీ తూటా గొట్టాలు ఏరి జేబులో వేసుకుంటూనే ఉంది.

మూడోది టూ-టూ-త్రీ. గట్టిగానే పేలింది గానీ భుజం అదరలేదు. నూరు గజాల దగ్గర డబ్బా పడింది. వెనక మట్టిగట్టులో చిన్న గుంట, అంతే.

"ఇదీ నీది," అంది.

"మావయ్యకు టూ-ఫోర్-త్రీ కావాలి."

"ఇద్వాల్‌కి కొడుకు కావాలి. ఫారంలో దానికి గడి లేదుగా. నువ్వేం రాశావు?"

"పంపేశాను."

"పంపావని తెలుసు. ఏం రాశావని అడిగా."

తుపాకీ సంచి జిప్పు లాగుతూ కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసింది. కొత్త ఫారం పంపడానికి అప్పటికీ వేళ మించలేదు. నేను పంపలేదు.

*

మార్చిలో వానలో మంచు కలిసి పడింది. ఎప్పుడూ పై పొలంలో ఈనించేవాళ్లం. ఆ ఏడు మావయ్య అంత దూరం నడవలేడని గొర్రెల్ని ఇంటి ముందు కింది పొలంలోకి తెచ్చాం. మొదటి వారంలోనే పిల్లలు పోవడం మొదలైంది. తల్లి రెండో పిల్లను కంటూ పడుకుని ఉన్నప్పుడు మొదటిదాన్ని నక్క ఎత్తుకుపోయేది. కొన్నిచోట్ల తోక మిగిలేది. కొన్నిచోట్ల అదీ మిగిలేది కాదు.

మోర్విద్ రెండు తెల్లవారుజాముల్లో వచ్చి కాపలా కాసింది. ఆ తర్వాత ఆవిడ గొర్రెలూ ఈనడం మొదలుపెట్టాయి. మావయ్య గేటు దగ్గర నిలబడి రేకు వాయించేవాడు. నక్క కుడివైపు గోడ మీద నడుస్తుంటే, ఆయన ఎడమవైపుకు తిరిగి అరిచేవాడు. "అటు కాదు మావయ్యా" అని నేను కేకేసేదాన్ని. కొన్నాళ్లకు అనడం మానేశాను.

మనిషి గొంతుకు నక్క బెదురుతుందని పొలంలో రేడియో పెట్టాం. మూడు రోజులు పనిచేసింది. నాలుగో రోజున వ్యవసాయ వార్తలు వస్తుండగా, దాని పక్కనుంచే పిల్ల పోయింది.

ఒకరోజు ఐదున్నరకు పాలసీసా పట్టుకుని బయటికి వచ్చాను. అప్పుడే వెలుగొస్తోంది. కింది గేటు దగ్గర యెస్టిన్ నిలబడి ఉన్నాడు, ఇటు వీపు పెట్టి, భుజాలు కొంచెం వంచి. రెండడుగులు వేశాను. మూడోది వెయ్యలేదు.

మావయ్య అతని మైనం పూసిన వానకోటు గుంజకు తగిలించాడు. మగమనిషి వాసన తగిలితే నక్క రాదని ఇక్కడ అందరూ చేసే పనే. పాత కోటు, ఉతకని కోటు అయితే మరీ మంచిది. తలుపు వెనక నవంబరు నుంచి ఉన్నది అదొక్కటే. నన్ను అడగాలని ఆయనకు తోచలేదు. అది నాలుగు రోజులు పనిచేసింది. ఆ నాలుగు రోజులూ నేను పెరటి దారిలో పొలానికి వెళ్లాను.

ఐదో రోజు పొద్దున కోటు కిందే, గుంజ మొదట్లో, కవల పిల్లల్లో ఒకదాని సగం మిగిలి ఉంది. తల్లి కాళ్లతో నేలను తన్నుతూ, రెండోదాన్ని పొట్ట కింద దాచుకుని నిలబడింది.

మావయ్య కోటు దించి, కాలరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసన పోయింది," అన్నాడు. "వానకి."

*

ప్రాసర్ ఈస్టరుకు ముందు గురువారం వచ్చాడు. పోలీసు లైసెన్సుల విభాగం తరఫున ఇళ్లకు వచ్చి చూసేది ఆయనే. ముందు పొలం చూడాలన్నాడు. గోడ వెంబడి నడిచి, ఎక్కడినుంచి కాలుస్తారు, వెనక ఏముంది అని అడిగి రాసుకున్నాడు. తర్వాత తుపాకీ దాచే ఇనప బీరువా గోడకు గట్టిగా బిగించి ఉందా అని లాగి చూశాడు. అప్పుడు బల్ల దగ్గర కూర్చున్నాం. మావయ్య పొయ్యి పక్క కుర్చీలో ఉన్నాడు. టీ పోసి, ఎండుద్రాక్షల రొట్టె కోసి పెట్టాను.

"మీ అర్జీ కోసం డాక్టరు పంపిన కాగితంలో ఒక మాటుంది," అన్నాడు ప్రాసర్. "అడక్క తప్పదు. డిసెంబరులో మీరు, పొద్దున లేవకపోయినా ఫరవాలేదు అన్నారట."

మావయ్య కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది.

"నేనన్నది అది కాదండీ. పొద్దున ఎందుకు లేస్తున్నానో తెలియడం లేదు అన్నాను."

"రెంటికీ తేడా ఏమిటి?"

"లేస్తున్నాను కాబట్టి అడిగాను. లేవదలుచుకోనివాళ్లు అది అడగరు."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు ఐదున్నరకు లేస్తున్నాను. గొర్రెలు ఈనుతున్నాయి."

ఆయన అది నిదానంగా రాసుకున్నాడు. పేజీ తిప్పాడు.

"ఇంకొకటి. కాలిబరు దగ్గర ట్వంటీటూ అని రాశారు. పని దగ్గర నక్కలు అన్నారు. ఇలాగే పంపితే ఇది వెనక్కొస్తుంది. ఈ కొలత నక్కకి చాలదంటారు. మళ్లీ ఫారం, మళ్లీ డాక్టరు, మళ్లీ నేను. శరత్కాలం వచ్చేస్తుంది."

"ట్వంటీటూనా?" అన్నాడు మావయ్య. నా వైపు తిరిగాడు. నన్ను చూడాలంటే ఆయన నా పక్కకు చూడాలి. నా చెవి పక్కన ఉన్న గోడకేసి చూశాడు.

నేను "ఫరవాలేదండీ, ఇలాగే పంపండి" అంటే సరిపోయేది. మూడు మాటలు. అవి నా నోట్లోనే ఉన్నాయి. సెప్టెంబరులో సంత, ఆ పైన సముద్రం పక్క ఊరు. ఎవరూ నన్నేమీ అనరు. మావయ్య కూడా అనడు.

"ఇక్కడే దిద్దొచ్చా?" అని అడిగాను.

"దిద్దొచ్చు. కారణం మీ మాటల్లో చెప్పండి. మోర్విద్ మాటల్లో కాదు," అన్నాడు ప్రాసర్. మా కొండల్లో ఏ సంగతీ దాగదు.

నేను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. చెప్పాల్సి వస్తే నిలబడే చెప్తాను, అలవాటు. పొలం అక్కడినుంచి కనబడుతుంది.

"మా వాకిలి గోడ నుంచి ఆ రెల్లుపొద దాకా నూట నలభై గజాలు. అడుగులతో కొలిచాను. నక్క ఆ పొదలోంచే వస్తుంది. అంత దూరంలో ట్వంటీటూ నక్కను చంపదు, కుంటిదాన్ని చేస్తుంది. పొలం నిండా రాళ్లు. ఆ తూటా రాయి తగిలితే గెంతుతుంది, అటుపక్క బాట మీద జనం నడుస్తారు. టూ-టూ-త్రీ అయితే ఆ దూరానికి చాలు. తప్పినా వెనక మట్టిగట్టు ఉంది, అందులో పొడైపోతుంది. గట్టు మీద ఆకాశం కనబడేచోట నక్క ఉంటే కాల్చను. దిగేదాకా ఆగుతాను."

"మీ ఆయనది టూ-ఫోర్-త్రీ కొట్లో ఉందిగా. అది తెచ్చుకోరా?"

"అది మంచి తుపాకీయే. నాకు ఎక్కువ. పేల్చేటప్పుడు కళ్లు మూసుకుంటున్నాను. కళ్లు మూసుకునే మనిషికి అంత బరువు తూటా ఇవ్వకూడదు."

ప్రాసర్ కలం పట్టుకుని మావయ్యకేసి చూశాడు. తండ్రి కదా, ఆయనా ఏమైనా అంటాడేమోనని. మావయ్య కప్పును నేల మీద పెట్టడానికి చాలాసేపు తడుముకున్నాడు.

"ఆవిడ చెప్పింది రాసుకో," అన్నాడు. "వాడి తుపాకీ ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యమని చెప్పు కొట్టువాడికి."

ప్రాసర్ కారు మలుపు తిరిగాక మావయ్య అడిగాడు.

"నాకు కనబడదనే కదా అలా రాశావు?"

"అవును మావయ్యా."

"ఎందుకు?"

"వెళ్లిపోదామని."

పొయ్యిలో బొగ్గు కూలింది. ఆయన దాన్ని ఎగదోశాడు.

"మరి దిద్దావెందుకు?"

"అడిగాడు కదా. సమాధానం తెలిసి కూడా తప్పు చెప్పలేకపోయాను."

ఆయన తల ఊపాడు. ఇంకో ముక్క రొట్టె ఇమ్మన్నాడు. కోసి ఇచ్చాను.

ఈస్టరు వచ్చింది, పోయింది. సముద్రం పక్క బడివాళ్లకు కృతజ్ఞతలు చెప్తూ మూడు వాక్యాలు రాశాను. అవి రాయడానికి ఒక సాయంత్రం పట్టింది.

*

లైసెన్సు ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చింది. ఐదేళ్లు చెల్లుతుంది. నా పేరు, నా ఫొటో, టూ-టూ-త్రీ ఒకటి, పని నక్కలు, స్థలం మా పొలం. చదువుతుంటే నేనెవరినో, ఎక్కడ ఉండాలో ఎవరో తేల్చి రాసి పంపినట్టుంది. తుపాకీ కొనడానికి పట్నంలో కొట్టుకు వెళ్తే మోర్విద్ తోడు వచ్చింది. కొట్టతను యెస్టిన్ తుపాకీ లోపలే ఉంది, ఒకసారి చూస్తారా అని అడిగాడు. వద్దన్నాను.

మూడో రోజు తెల్లవారుతుండగా వాకిలి గోడ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాను. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. రెల్లు దగ్గర ఒక గొర్రె పక్కకు ఒరిగి పురిటినొప్పులు పడుతోంది. నక్క ముందు గట్టు మీద కనబడింది. దాని వెనక అంతా ఆకాశం. చెవులు స్పష్టంగా కనబడుతున్నాయి. కాల్చలేదు. అది కూర్చుంది, గొర్రెను చూసింది, ఒళ్లు గీరుకుంది. దానికి తొందరేమీ లేదు. నాకూ లేదు. తర్వాత లేచి, గట్టు దిగి, రెల్లులోంచి ఇటు వచ్చింది. ఇప్పుడు వెనక మట్టి ఉంది.

కళ్లు మూసుకోలేదు.

గొర్రెలు తలలెత్తాయి. ఒక్కటీ పరిగెత్తలేదు. కాసేపటికి మళ్లీ మేత మొదలుపెట్టాయి. తుపాకీ ఖాళీ చేసుకుని, పొలం దాటి వెళ్లి చూశాను. ఉన్నచోటే పడిపోయింది. ఆడది. పొట్ట కింద బొచ్చు ఊడి, చనుమొనలు తడిగా ఉన్నాయి. ఎక్కడో కన్నంలో పిల్లలున్నాయి. దాని పక్కన కాసేపు నిలబడ్డాను. ఆ లోపల గొర్రె ఈనింది. పిల్లను తిప్పి, ముక్కు తుడిచి, తల్లి ముందు పెట్టాను.

మావయ్య గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చప్పుడు విని లేచినట్టున్నాడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"ఒకటేనా కాల్చింది?"

"ఒకటే."

"పడిందా?"

"పడింది. ఆడది మావయ్యా. పాలున్నాయి."

"ఊఁ," అన్నాడు. "మోర్విద్‌కి చెప్పు. కుక్కల్ని తీసుకొచ్చి కన్నం వెతుకుతుంది. పోతే ఒక్కసారిగా పోవాలి, ఆకలికి చావనివ్వకూడదు పిల్లల్ని."

"బడికి వెళ్తూ చెప్తాను."

ఆయన గేటు మీద చేతులు వేసి, పొలంకేసి తల తిప్పాడు. పిల్ల అరుస్తోంది, తల్లి గొంతులోనే జవాబిస్తోంది. అవి ఉన్నవైపే, సరిగ్గా అటే తిరిగి విన్నాడు.

"ఇక్కడ మరీ బురద," అన్నాడు. "వచ్చే ఏడు మళ్లీ పై పొలంలోనే ఈనిద్దాం. గోడ చాటుంటుంది."

"వద్దు మావయ్యా," అన్నాను. "పై పొలంలో వెనకంతా ఆకాశమే. మట్టిగట్టు లేదు, కాల్చడానికి వీలుండదు. కిందే మంచిది."

అన్నాక గానీ, ఏ ఏడాది గురించి మాట్లాడుతున్నామో నాకు తెలియలేదు.

"సరే, కిందే," అన్నాడు ఆయన.

బడికి వేళవుతోంది. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను.